వార్‌క్రాఫ్ట్ 3 కస్టమ్ మ్యాప్‌లను కాపీల నుంచి, చీట్ల నుంచి కాపాడుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్లిజార్డ్ సంస్థ తీసిన కంప్యూటర్ ఆట వార్‌క్రాఫ్ట్ 3తో పాటు వచ్చే వరల్డ్ ఎడిటర్ అనే పనిముట్టులో సొంతంగా మ్యాప్‌లు (ఆ ఆటలో ఆడుకునే కొత్త ఆటలు) తయారు చేసేవారికి కాపీల గురించి, చీట్లు (అడ్డదారిలో లాభం ఇచ్చే కోడ్) దూర్చిన నకళ్ల గురించి వచ్చే సందేహాలు ఏళ్ల తరబడి దాదాపు అవే. ప్రతిసారీ విడివిడిగా జవాబు రాయడం కన్నా అన్నింటినీ ఒక్కచోట పెట్టడం మేలనిపించి ఈ ప్రశ్నలను కూర్చాను. మ్యాప్ ఏ దశలో ఉందో దాన్నిబట్టి వీటిని విడదీశాను. ఏ జవాబుకు ఆ జవాబు పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## తయారీ మొదలుపెట్టే ముందు

నా మ్యాప్‌ను ఎవరూ తెరవలేకుండా పూర్తిగా తాళం వేయడం సాధ్యమేనా?

సాధ్యం కాదు. వార్‌క్రాఫ్ట్ 3లో ఆట నడిచేది ఎక్కడో ఉన్న సర్వర్‌లో కాదు, ఆడుతున్న ప్రతి ఒక్కరి కంప్యూటర్‌లోనూ. అందుకే లాబీలో (ఆట మొదలయ్యే ముందు ఆటగాళ్లు కూడే చోటు) చేరిన ప్రతి ఆటగాడి దగ్గరా మ్యాప్ ఫైలు మొత్తంగా ఉండాలి, లేనివారికి అది హోస్ట్ (ఆ ఆటను ఏర్పాటు చేసిన ఆటగాడు) నుంచి డౌన్‌లోడ్ అవుతుంది. ఆ ఫైలును ఆట చదవగలిగితేనే మ్యాప్ నడుస్తుంది, ఆట చదవగలిగినదాన్ని ఓపికా పరిజ్ఞానమూ ఉన్న మనిషి కూడా ఏదో ఒకనాడు చదవగలడు. నూటికి నూరు పాళ్లు రక్షణ ఇస్తామని చెప్పే ఏ పనిముట్టునూ నమ్మవద్దు.

అయితే ప్రొటెక్షన్ (మ్యాప్‌ను ఎడిటర్‌లో తెరిచి మార్చకుండా చేసే తాళం) వేయడం వృథా ప్రయాసేనా?

మీరు ఎవరికి భయపడుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. కుతూహలంతో ఎడిటర్‌లో తెరిచి చూసేవారినీ, హీరో పేరు మార్చి తమ మ్యాప్‌గా చెప్పుకుందామనుకునే కొత్తవారినీ మామూలు ప్రొటెక్షన్ చాలావరకు ఆపుతుంది, ఎందుకంటే వారికి వరల్డ్ ఎడిటర్ తప్ప మరో పనిముట్టు తెలియదు. స్క్రిప్ట్ (ఆటను నడిపే కోడ్) చదవడం వచ్చినవారిని అది ఒకటి రెండు గంటలు ఆలస్యం చేస్తుందంతే. చీట్లు దూర్చేవారిని దాదాపు ఆపనే ఆపదు, వారికి మీ ట్రిగ్గర్‌లు (ఆటలో ఏది జరిగితే ఏం చేయాలో చెప్పే ఆదేశాలు) అర్థం కావలసిన అవసరమే లేదు. కాబట్టి కాపీ, పేరు చెరిపివేత, చీట్లు అనే మూడు బెడదలను మూడు వేరు సమస్యలుగా చూడడం మొదటి పని. ఒకదానికి వేసిన మందు మరొకదానికి పనిచేయదు.

మ్యాప్ ఫైలు లోపల అసలు ఏముంటుంది?

డబ్ల్యూ3ఎక్స్ అనే పొడిగింపుతో కనిపించే మ్యాప్ నిజానికి ఎంపిక్యూ రకానికి చెందిన ఒక మూట. బ్లిజార్డ్ సంస్థ డయాబ్లో ఆట కాలం నుంచి ఈ రకం మూటలను వాడుతూ వచ్చింది. లోపల నేల ఆకృతికి ఒక ఫైలు, చెట్లూ రాళ్లకు ఒకటి, మీరు మార్చిన యూనిట్లకూ వస్తువులకూ శక్తులకూ విడివిడిగా కొన్ని, ఇంపోర్ట్ చేసిన మోడళ్లు, బొమ్మలు, ఇలా పదులకొద్దీ ఫైళ్లు ఉంటాయి. వీటన్నింటిలో కీలకమైనది వార్3మ్యాప్.జే అనే స్క్రిప్ట్. మీరు ట్రిగ్గర్ ఎడిటర్‌లో గీసినదంతా సేవ్ చేసే సమయంలో జాస్ అనే ఈ ఆట స్క్రిప్ట్ భాషలోకి మారి ఈ ఫైలులోకి చేరుతుంది, ఆట నడిపేది దీన్నే. ట్రిగ్గర్‌ల బొమ్మను దాచుకునే ఫైళ్లు, గీసిన ప్రాంతాల ఫైలు, కెమెరాల ఫైలు, ముందుగా పెట్టిన యూనిట్ల ఫైలు కేవలం ఎడిటర్ కోసం ఉంటాయి, ఆటకు వాటితో పని లేదు. మ్యాప్ రక్షణ అని పిలిచే పనిలో అధిక భాగం ఈ ఒక్క తేడా మీదే ఆధారపడి ఉంది.

మ్యాప్‌పై హక్కు నాదా, బ్లిజార్డ్‌దా?

ఇది తాళం కన్నా ముఖ్యమైన ప్రశ్న, కానీ ఎక్కువమంది చివర్లో అడుగుతారు. 2020 జనవరిలో ఈ ఆట కొత్త రూపమైన రీఫోర్జ్‌డ్ విడుదలైనప్పుడు బ్లిజార్డ్ కస్టమ్ ఆటల వినియోగ నియమాలను మార్చింది. వాటి ప్రకారం ఎడిటర్‌తో చేసిన కస్టమ్ ఆటలు ఆ సంస్థ ఆస్తి. ఇది చాలామంది మ్యాపర్లను బాధపెట్టిన మార్పు, నాకూ అది న్యాయంగా అనిపించలేదు, అయినా నియమాలకు అంగీకరిస్తేనే ఆట నడుస్తుంది కనుక తెలియదనుకుని ముందుకు వెళ్లడం మంచిది కాదు.

పాత మ్యాప్‌ల సంగతి ఇంత తేలిక కాదు. వార్‌క్రాఫ్ట్ 3లో ఎంతో పేరు పొందిన డోటా మ్యాప్ మొదటి రచయిత 2004లో ఆ పని నుంచి తప్పుకుంటూ, ఇకపై ఎవరైనా తమ తమ రూపాలను విడుదల చేసుకోవచ్చనీ, తన పేరు ప్రస్తావిస్తే చాలనీ ఒక సందేశం పెట్టాడు. పదమూడేళ్ల తరువాత, డోటా పాత్రలను కాపీ చేశారంటూ బ్లిజార్డ్, డోటా 2 ఆట తీసిన వాల్వ్ సంస్థ కలిసి మొబైల్ ఆటల సంస్థలపై వేసిన దావాలో ఆ కొద్ది వాక్యాలే చర్చకు కేంద్రమయ్యాయి. ఆ సందేశంతో రచయిత తన హక్కును వదులుకున్నట్టేనా అన్నదాన్ని విచారణ లేకుండా తేల్చడానికి 2017లో అమెరికా ఫెడరల్ న్యాయమూర్తి ఒప్పుకోలేదు. మీరు మ్యాప్‌తో పాటు రాసే అనుమతి వాక్యం ఏళ్ల తరువాత కూడా అక్షరం అక్షరంగా చదవబడుతుందని ఈ కేసు చెబుతోంది, అందుకే దాన్ని తొందరపడి రాయవద్దు.

మీరు స్వయంగా గీసిన బొమ్మ, కట్టిన సంగీతం, రాసిన కథ వంటివి వేరుగా కూడా మీ రచనలే. భారతదేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు పుట్టడానికి నమోదు తప్పనిసరి కాదు. అయితే ఆట నియమాలకు ఒప్పుకుని వాటిని మ్యాప్‌లో పెట్టినప్పుడు ఆ ఒప్పందం ప్రభావం ఎంత అన్నది న్యాయవాదిని అడిగి తెలుసుకోవలసిన సంగతి.

## తాళం వేసేటప్పుడు

ట్రిగ్గర్‌లు తీసేశాక కూడా మ్యాప్ ఎలా నడుస్తోంది?

తీసేసింది ట్రిగ్గర్‌ల బొమ్మను, వాటి నుంచి తయారైన జాస్ స్క్రిప్ట్‌ను కాదు. ఆటకు స్క్రిప్ట్ ఒక్కటే చాలు. ఎడిటర్ మాత్రం స్క్రిప్ట్‌ను చూసి ట్రిగ్గర్‌లను తిరిగి గీయలేదు. అందువల్ల ఎవరైనా మీ మ్యాప్‌ను ఎడిటర్‌లో తెరవగలిగినా ట్రిగ్గర్‌ల చోట ఏమీ ఉండదు. ఆ స్థితిలోనే సేవ్ చేస్తే ఎడిటర్ తన దగ్గర ఉన్న ఖాళీ ట్రిగ్గర్‌ల నుంచి కొత్త స్క్రిప్ట్ రాసి పాతదాన్ని చెరిపేస్తుంది, చివరికి వారికి మిగిలేది ఆడటానికి ఏమీ లేని నేల. ఇంత తక్కువ శ్రమతో ఇంత ఫలితమిచ్చే పద్ధతి మరొకటి లేదు. చాలా మ్యాప్‌లకు ఇంతవరకు చేస్తే సరిపోతుందని నా అభిప్రాయం.

లిస్ట్‌ఫైల్ తీసేస్తే లోపలి ఫైళ్లు కనబడకుండా పోతాయా?

కొంతవరకే. ఎంపిక్యూ మూటలో ఫైళ్ల పేర్లు పేర్లుగా ఉండవు, పేరు నుంచి లెక్కగట్టిన అంకెలుగా ఉంటాయి. ఏ పేర్లు ఉన్నాయో చెప్పే జాబితాయే లిస్ట్‌ఫైల్. అది లేకపోతే మూటను తెరిచే పనిముట్టుకు లోపల ఎన్ని ఫైళ్లున్నాయో తెలుస్తుంది కానీ వాటి పేర్లు తెలియవు. అయితే స్క్రిప్ట్, నేల, యూనిట్ల ఫైళ్ల పేర్లు ప్రతి మ్యాప్‌లోనూ ఒకటే కనుక వాటిని దాచలేము. దాగేవి మీరు ఇంపోర్ట్ చేసిన మోడళ్లు, బొమ్మలు, శబ్దాలు మాత్రమే. వాటి దారులు కూడా యూనిట్ల ఫైలులోనో స్క్రిప్ట్‌లోనో రాసి ఉంటాయి కనుక వెదికేవారికి దొరుకుతాయి.

పేర్లు కుదించే ఆప్టిమైజర్ నడిపాక కొన్ని ట్రిగ్గర్‌లు పనిచేయడం మానేశాయి. తప్పు ఎక్కడ జరిగింది?

ఆప్టిమైజర్ మీ చరరాశులకూ ఫంక్షన్‌లకూ ఉన్న అర్థవంతమైన పేర్లను తీసేసి ఒకటి రెండు అక్షరాల పేర్లు పెడుతుంది. దీనివల్ల రెండు లాభాలున్నాయి. చదివేవారికి ఏది ఏమిటో తెలియదు, ఫైలు పరిమాణమూ తగ్గుతుంది. ఆన్‌లైన్ మ్యాప్‌లకు తొలినాళ్లలో 4 మెగాబైట్ల హద్దు, ఆ తరువాత చాలాకాలం 8 మెగాబైట్ల హద్దు ఉన్న రోజుల్లో వెక్సోరియన్ మ్యాప్ ఆప్టిమైజర్‌ను రక్షణ కోసం కన్నా ఈ రెండో లాభం కోసమే వాడినవారు ఎందరో.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, జాస్‌లో కొన్ని పేర్లను కొటేషన్ల మధ్య అక్షరాలుగా రాస్తాము. ఎగ్జిక్యూట్‌ఫంక్‌తో ఫంక్షన్‌ను పిలిచినప్పుడు దాని పేరును అలాగే ఇస్తాము. ఒక చరరాశి విలువ మారినప్పుడు నడిచే ట్రిగ్గర్‌కు కూడా ఆ చరరాశి పేరు అక్షరాలుగానే అందుతుంది. ఆప్టిమైజర్ అసలు పేరును మార్చి కొటేషన్లలోని పేరును వదిలేస్తే, ఆ పేరుతో వెదికే ఆటకు ఏమీ దొరకదు. రెండు మూడు ముక్కలు కలిపి పేరును కట్టే అలవాటు ఉన్నవారికి ఈ బాధ ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఏ పనిముట్టూ దాన్ని ముందుగా పసిగట్టలేదు. అటువంటి పేర్లను మినహాయింపుల జాబితాలో చేర్చండి. ఆప్టిమైజ్ చేసిన ఫైలును మొదటి నుంచి చివరి వరకు ఆడి చూడకుండా ఎన్నడూ విడుదల చేయవద్దు.

ఎంపిక్యూ హెడర్‌ను పాడుచేసే ప్రొటెక్టర్‌ను వాడవచ్చా?

నేను వద్దనే చెబుతాను. ఈ పద్ధతిలో మూట మొదట్లో ఉండే కొలతలను కావాలని తప్పుగా రాస్తారు. ఆట కొన్ని కొలతలను పట్టించుకోకుండా ఫైలును తెరుస్తుంది, బయటి పనిముట్లు వాటిని నమ్మి తికమకపడతాయి. అంటే మీ రక్షణ మొత్తం ఆటలో ఉన్న ఒక అజాగ్రత్త మీద నిలబడి ఉందన్నమాట. రేపు ఒక ప్యాచ్‌లో (ఆటకు వచ్చే సవరణ) ఆట ఆ కొలతలను శ్రద్ధగా చదవడం మొదలుపెడితే మీ మ్యాప్ దొంగకే కాదు, ఆటగాడికి కూడా తెరుచుకోదు. బయటి పనిముట్లు మాత్రం ఈ ఎత్తులను ఒక్కొక్కటిగా నేర్చుకుంటూనే వచ్చాయి. నష్టం శాశ్వతం, లాభం తాత్కాలికం అయిన చోట నష్టానికి సిద్ధపడడంలో అర్థం లేదు.

జాస్ బదులు లువా అనే మరో స్క్రిప్ట్ భాషలో రాస్తే రక్షణ పెరుగుతుందా?

పెరగదు. 2019లో వచ్చిన 1.31 ప్యాచ్ నుంచి మ్యాప్ స్క్రిప్ట్‌ను లువాలో రాసే వీలు కలిగింది. కానీ అది కూడా మూటలో చదవగలిగే పాఠంగానే ఉంటుంది, పేర్లు కుదించడమూ పలువురికి తెలిసిన విద్యే. లువాను దాని సౌలభ్యం కోసం ఎంచుకోండి.

మోడళ్లూ బొమ్మలూ ఎవరూ తీసుకోకుండా ఏం చేయాలి?

సాంకేతికంగా చేయగలిగేది చాలా తక్కువ. మీవి కాని మోడళ్లు వాడి ఉంటే వాటి రచయితల పేర్లు మ్యాప్‌లోనే, ఆటగాడికి కనబడే చోట రాయండి. ఇతరుల మోడళ్లను పేర్లు లేకుండా వాడి, తన మ్యాప్‌ను కాపీ చేశారని ఫిర్యాదు చేసేవారి మాట ఎవరూ వినరు, వినకపోవడమే న్యాయం.

ప్రొటెక్ట్ చేశాక అసలు ఫైలు పోయింది. నా మ్యాప్‌ను నేనే తెరవలేకపోతున్నాను. దారి ఉందా?

స్క్రిప్ట్, నేల, యూనిట్ల వివరాలు తిరిగి వస్తాయి, ట్రిగ్గర్‌ల బొమ్మ మాత్రం రాదు. లాడిక్ ఎంపిక్యూ ఎడిటర్ వంటి పనిముట్టుతో స్క్రిప్ట్‌ను బయటికి తీసి, ఇకపై ట్రిగ్గర్‌లు లేకుండా నేరుగా జాస్‌లోనే పని కొనసాగించవచ్చు. పేర్లు కుదించిన స్క్రిప్ట్ అయితే మీరు రాసినదే మీకు పరాయిగా కనిపిస్తుంది. నా మొదటి మ్యాప్ అసలు ఫైలు హార్డ్ డిస్క్‌తో పాటే పోయింది. మిగిలిన ప్రొటెక్ట్ చేసిన కాపీ నుంచి దాన్ని తిరిగి కట్టడానికి పట్టిన కాలం, మొదట తయారు చేయడానికి పట్టిన కాలం కన్నా తక్కువేమీ కాదు. తాళం వేసిన ఫైలును వేరే పేరుతో సేవ్ చేయండి. తాళం వేయని ప్రతిని విడుదల సంఖ్యలతో సహా కనీసం రెండు వేర్వేరు చోట్ల దాచండి.

## చీట్లు, నకిలీ కోడ్‌ల విషయంలో

ప్రొటెక్ట్ చేసిన మ్యాప్‌లోకి కూడా చీట్‌ప్యాక్ (తయారుగా దొరికే చీట్ కోడ్ మూట) ఎలా దూరుస్తున్నారు?

ఆట మొదలైనప్పుడు ఇంజిన్ స్క్రిప్ట్‌లోని మెయిన్ అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది, లాబీ కోసం కాన్ఫిగ్ అనే ఫంక్షన్‌ను పిలుస్తుంది. ఈ రెండు పేర్లనూ ఎవరూ మార్చలేరు, మారిస్తే మ్యాప్ నడవదు. చీట్ దూర్చే పనిముట్టు స్క్రిప్ట్‌ను బయటికి తీసి, తన ఫంక్షన్‌లను అందులో కలిపి, మెయిన్ చివర ఒక పిలుపు చేర్చి, ఫైలును తిరిగి మూటలో పెడుతుంది. ఆ తరువాత చాట్‌లో ఒక రహస్య పదం టైప్ చేసిన వ్యక్తికి బంగారం ఇవ్వడం, హీరో స్థాయి పెంచడం వంటి ఆదేశాలు అందుబాటులోకి వస్తాయి. మీరు రాసిన వేల పంక్తుల్లో ఒక్కటి కూడా వారు చదవనక్కరలేదు. పేర్లను ఎంత గందరగోళం చేసినా ఈ దారి మూసుకోకపోవడానికి కారణం ఇదే.

హోస్ట్ తన కంప్యూటర్‌లో మాత్రమే మ్యాప్ మార్చుకుని మాతో ఆడగలడా?

ఆడలేడు. అందరి కంప్యూటర్లలోనూ ఒకే స్క్రిప్ట్ ఒకే విధంగా నడవాలి, ఎక్కడ తేడా వచ్చినా ఆట డీసింక్ అయి (ఒకరి ఆట మరొకరి ఆటతో సరిపోలక) ఆటగాళ్లు విడిపోతారు. లాబీలో చేరేటప్పుడే మీ ఫైలూ హోస్ట్ ఫైలూ ఒకటేనా అని ఆట సరిచూస్తుంది. అందువల్ల చీట్ ఉన్న మ్యాప్‌ను హోస్ట్ మీ అందరికీ అంటగట్టి తీరాలి. మీ దగ్గర ఇప్పటికే ఉన్న మ్యాప్‌ను, అదే పేరు, అదే విడుదల సంఖ్యతో ఉన్నా, లాబీ మళ్లీ డౌన్‌లోడ్ చేయడం మొదలుపెడితే అక్కడ అనుమానించండి. చీట్‌కు ఉన్న ఈ బలహీనత మనకు అన్ని తాళాల కన్నా ఎక్కువ మేలు చేస్తుంది.

తనను మార్చారని మ్యాప్ తనంతట తాను కనిపెట్టగలదా?

జాస్‌కు తన సొంత ఫైలును చదివి లెక్కగట్టే శక్తి లేదు, కాబట్టి నేరుగా కనిపెట్టలేదు. లక్షణాలను గమనించవచ్చు. ప్రతి ఆటగాడికీ మీరు ఇచ్చిన బంగారాన్ని మీ స్క్రిప్ట్ వేరుగా లెక్క పెట్టుకుంటూ, అప్పుడప్పుడు అసలు నిల్వతో పోల్చితే, ఎక్కడి నుంచో వచ్చి పడిన 50,000 బంగారం బయటపడుతుంది. పట్టుబడినప్పుడు ఆటను కూల్చేయడం కన్నా, ఆ ఆటగాడి పేరు అందరికీ చూపించి సేవ్ సౌకర్యాన్ని (హీరో ప్రగతిని కోడ్‌గా తీసుకుని తరువాతి ఆటలో కొనసాగించే వీలు) ఆపేయడం మేలు. లెక్కలో మీరే పొరపాటు చేసి ఉంటే నిర్దోషి ఆట పోకుండా ఉంటుంది. ఇటువంటి కాపలా తయారుగా దొరికే చీట్‌ప్యాక్‌లను మాత్రమే పట్టుకుంటుంది. మీ స్క్రిప్ట్ చదివినవాడు ముందు కాపలానే తీసేస్తాడు.

హీరోను క్రమంగా పెంచుకుంటూ పోయే ఆర్‌పీజీ మ్యాప్‌లో నకిలీ సేవ్ కోడ్‌లు ఎలా ఆపాలి?

ముందుగా తెలుసుకోవలసింది, చాలా నకిలీ కోడ్‌లకు మ్యాప్‌ను ముట్టుకోనవసరమే లేదు. ఒంటరిగా ఆడే ఆటలో గ్రీడ్‌ఈజ్‌గుడ్ వంటి చీట్‌లు ఆటలోనే ఉన్నాయి. వాటితో హీరోను పెంచి, అక్కడే కోడ్ తీసుకుని, ఆన్‌లైన్‌లో దింపుతారు. దీనికి పాత మందు ఒకటి ఉంది. గేమ్ క్యాష్‌లను (ఆట దాచుకునే వివరాలను) డిస్క్ నుంచి మళ్లీ చదవమనే రీలోడ్‌గేమ్‌క్యాషెస్‌ఫ్రమ్‌డిస్క్ ఫంక్షన్ ఒంటరి ఆటలో మాత్రమే నిజమని జవాబిస్తుంది. మ్యాప్ మొదట్లోనే దాన్ని పిలిచి, నిజమని వస్తే సేవ్ ఆదేశాన్ని పనిచేయనివ్వకండి. ఇది చేర్చడానికి పట్టేది రెండు నిమిషాలు, ఆపేది నకిలీలలో పెద్ద వాటాను.

ఇక కోడ్ విషయానికి వస్తే, ఆటగాడి పేరును లెక్కలో కలపండి, అప్పుడు ఒకరి కోడ్ మరొకరికి పనికిరాదు. చివర తనిఖీ అక్షరాలు చేర్చండి, అప్పుడు ఊహించి టైప్ చేసిన కోడ్ చెల్లదు. తనిఖీ అక్షరాలు రెండే ఉంటే వేలసార్లు ప్రయత్నించి కనుక్కోవచ్చు, నాలుగు ఉంచండి. ఒక ఆటగాడు వరుసగా అయిదుసార్లు తప్పు కోడ్ ఇస్తే ఆ ఆటకు అతని లోడ్ ఆదేశాన్ని ఆపండి. సున్నానూ ఇంగ్లీషు ఓ అక్షరాన్నీ, ఒకటినీ చిన్న ఎల్ అక్షరాన్నీ కలిపి వాడవద్దు, ఎందుకంటే కాగితం మీద రాసుకునే నిజాయితీపరులు నష్టపోతారు. స్క్రిప్ట్‌లో లెక్క చదివినవాడు తనకు కావలసిన కోడ్ తయారు చేసుకోగలడన్నది నిజమే. పెద్ద మార్పులతో కొత్త రూపం విడుదల చేసినప్పుడు లెక్కలోని రహస్య అంకెను మార్చి, పాత కోడ్‌లను కొంతకాలం తక్కువ హద్దులతో అంగీకరించడం అందరికీ సర్దుబాటుగా ఉంటుంది.

మ్యాప్‌హ్యాక్‌ను మ్యాప్ ఆపగలదా?

ఆపలేదు. ఆటగాడికి కనబడకుండా ఆట కప్పి ఉంచే పొగమంచు వెనక ఏముందో ప్రతి కంప్యూటర్‌కూ ఇప్పటికే తెలుసు, మ్యాప్‌హ్యాక్ దాన్ని తెర మీద చూపిస్తుంది. అది ఆట ప్రోగ్రామ్‌పై జరిగే దాడి, మీ ఫైలుతో దానికి సంబంధం లేదు.

## విడుదల చేశాక

ఆటగాళ్లు తమ దగ్గరున్నది అసలు మ్యాప్ అని ఎలా సరిచూసుకోవాలి?

మీరు విడుదల చేసిన ఫైలు షా-256 విలువను (ఫైలు నుంచి లెక్కగట్టే, వేలిముద్ర వంటి గుర్తు) డౌన్‌లోడ్ పక్కనే ప్రకటించండి. అది 64 అక్షరాల వరుస. ఫైలులో ఒక్క బైటు మారినా మొత్తం మారిపోతుంది. విండోస్‌లో ఇప్పటికే ఉన్న సర్ట్‌యుటిల్ ఆదేశంతోనో, పవర్‌షెల్‌లోని గెట్-ఫైల్‌హ్యాష్‌తోనో ఎవరైనా తమ కాపీ విలువను చూసుకోవచ్చు. ప్రతి విడుదలకూ కొత్త సంఖ్య ఇవ్వండి. చిన్న సవరణే కదా అని అదే సంఖ్యతో రెండు ఫైళ్లు వదిలితే అసలుకూ నకలుకూ మధ్య గీతను మీరే చెరిపినట్టు అవుతుంది. అన్ని రూపాలూ ఒకే చోట దొరికేలా చూడండి.

నా పేరు తీసేసి ఎవరో తమ మ్యాప్‌గా విడుదల చేశారు. ఇప్పుడేం చేయాలి?

కోపంతో ఏమీ రాయకముందు ఆ ఫైలును దించి దాచుకోండి, పేజీ తెరచిత్రాన్ని తేదీ కనబడేలా తీసుకోండి. ఆ వ్యక్తికి మర్యాదగా ఒకసారి రాయండి. నియమాలు తెలియక చేసిన పిల్లలైతే పేరు తిరిగి చేర్చి క్షమాపణ చెప్పడం నేను చాలాసార్లు చూశాను. స్పందన లేకపోతే ఆ ఫైలును ఉంచిన చోట నిర్వాహకులకు ఆధారాలతో తెలపండి. మీ వాదనకు బలం ఇచ్చేవి తాళం వేయని అసలు ఫైలు, దాని పాత ప్రతులు, వాటి తేదీలు. మ్యాప్‌లో ఆటకు సంబంధం లేని ఒక గుర్తును, ఉదాహరణకు ఎవరూ వెళ్లని మూల మీ పేరులోని అక్షరాల ఆకారంలో పేర్చిన రాళ్లను, ముందే పెట్టి ఉంటే అది ఏ పత్రం కన్నా స్పష్టంగా మాట్లాడుతుంది.

నేను మ్యాప్ పని మానేస్తున్నాను. తాళం అలాగే ఉంచాలా?

ఉంచవద్దని నా మనవి. 2009లో వచ్చిన 1.24 ప్యాచ్ సందర్భంలో ఏం జరిగిందో చూడండి. అంతవరకు జాస్‌లో ఒక లోపం ఉండేది. ఒక ఫంక్షన్‌లో రెండు రిటర్న్‌లు రాస్తే చివరిదాన్ని మాత్రమే ఆట తనిఖీ చేసేది కనుక, ఆ సందును వాడి యూనిట్‌ను అంకెగా మార్చుకునేవారు. వేలమంది మ్యాపర్లు తమ వ్యవస్థలను దానిపైనే కట్టారు. అదే సందులోంచి ఆటగాళ్ల కంప్యూటర్‌లో హానికర ప్రోగ్రామ్ నడిపించే వీలుందని తేలడంతో బ్లిజార్డ్ దాన్ని మూసి, బదులుగా హ్యాష్‌టేబుల్‌లను (వివరాలు దాచుకునే పట్టికలను) ఇచ్చింది. రచయితలు అందుబాటులో ఉన్న మ్యాప్‌లు కొద్ది వారాల్లో సరిదిద్దుకున్నాయి. అసలు ఫైలు ఎవరి దగ్గరా లేని, తాళం వేసి వదిలేసిన మ్యాప్‌లను బాగుచేయడానికి ముందు వాటి తాళం పగలగొట్టవలసి వచ్చింది, ఆ ఓపిక ఎవరికీ లేని చోట అవి అక్కడితో ఆగిపోయాయి.

వెళ్లేముందు తాళం వేయని ఫైలును మీరు నమ్మే ఒక మ్యాపర్‌కు అప్పగించండి, లేదా అందరికీ విడుదల చేయండి. దాంతో పాటు ఎవరు మార్చవచ్చు, ఏ పేరుతో విడుదల చేయాలి, మీ పేరూ మీకు సాయపడినవారి పేర్లూ ఎక్కడ ఉండాలి అన్నవి తేదీ వేసి స్పష్టమైన వాక్యాల్లో రాయండి.